బెల్జియన్ డార్క్ ఏల్‌ను రుచి చూసి మార్కులు వేయడం ఎలా? బెజవాడ ఎండకు, మన ఇళ్ళకు తగ్గ పద్ధతి

విజయవాడ, గుంటూరు పాఠకుల నుంచి ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. "విదేశం నుంచి వచ్చిన బంధువు ఒక బెల్జియన్ డార్క్ బీరు తెచ్చి ఇచ్చాడు. దాన్ని ఎలా తాగాలి? బాగుందో లేదో ఎలా తేల్చుకోవాలి?"

ఫ్రిజ్‌లోంచి తీసీ తీయగానే మూత లాగి, స్టీలు గ్లాసులో పోసి, మిర్చి బజ్జీతో తాగితే ఎంత మంచి డార్క్ ఏల్ (ముదురు రంగు బీరు రకం) అయినా కాస్త ఘాటెక్కువైన మామూలు బీరులాగే అనిపిస్తుంది. ఈ బీరు గుణమంతా అది గ్లాసులో మెల్లగా వేడెక్కుతూ మారే తీరులో ఉంది. ఆ మార్పును ముక్కుతో, నాలుకతో పట్టుకుని కాగితం మీద పెట్టడమే దీన్ని పరీక్షించడం. కింద చెప్పే పనులన్నీ అందుకోసమే.

మొదలుపెట్టే ముందు ఒక లెక్క చూడండి. 9 శాతం ఆల్కహాల్ ఉన్న 330 ఎం.ఎల్. సీసాలో దాదాపు 23 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం ఉన్న 650 ఎం.ఎల్. పెద్ద బీరులో ఉండేది సుమారు 26 గ్రాములు. సీసా చిన్నదే కదా అని ఒక్కరే రెండు లాగించవద్దు. ముగ్గురు కలిసి ఒక సీసా పంచుకుంటే పరీక్షకు సరిగ్గా సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో మద్యానికి కనీస వయసు 21 ఏళ్ళు. తాగాక బండి తీయకూడదు.

## 1. సరైన సీసా ఎంచుకోవడం

బెల్జియన్ పేరు కనబడగానే డార్క్ ఏల్ అనుకోవద్దు. మన దేశంలో తేలిగ్గా దొరికే హోగార్డెన్ బెల్జియన్ తరహాదే, కానీ అది లేతరంగు గోధుమ బీరు. దానికి ఈ పద్ధతి నప్పదు.

డార్క్ ఏల్స్‌లో ప్రధానంగా రెండు రకాలు. 'డుబెల్' సుమారు 6 నుంచి 7.6 శాతం ఆల్కహాల్‌తో ఉంటుంది. వెస్ట్‌మాల్ డుబెల్ (7 శాతం), చిమే రెడ్ (7 శాతం) ఈ కోవవి. రెండోది 'డార్క్ స్ట్రాంగ్ ఏల్', 8 నుంచి 12 శాతం దాకా. దీన్నే కొందరు 'క్వాడ్రుపెల్' అంటారు. చిమే బ్లూ (9 శాతం), రోష్‌ఫోర్ 10 (11.3 శాతం), సెయింట్ బెర్నార్డస్ ఆబ్ట్ 12 (10 శాతం) ఇందులోకి వస్తాయి.

మొదటిసారి అయితే డుబెల్‌తో మొదలుపెట్టండి. ఆల్కహాల్ ఘాటు తక్కువ కాబట్టి వాసనలు విడివిడిగా తెలుస్తాయి.

విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా రెండు లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు. 330 ఎం.ఎల్. సీసాలు ఆరు కలిపితే 1.98 లీటర్లు. బంధువుకు చెప్పేటప్పుడు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. పక్క రాష్ట్రం నుంచి తెచ్చుకునే ఆలోచన ఉంటే ముందు ఎక్సైజ్ నిబంధనలు కనుక్కోండి.

లేబుల్ మీద ఆల్కహాల్ శాతం, గడువు తేదీ, సీసాలో రెండోసారి పులిసిందా లేదా అన్న మూడు సంగతులు రాసిపెట్టుకోండి. చివరిది ఉంటే అడుగున మడ్డి ఉంటుంది, పోసేటప్పుడు జాగ్రత్త పడాలి.

## 2. ఇంటికి తెచ్చాక సీసాను పెట్టే చోటు

ఇక్కడే ఎక్కువ సీసాలు పాడవుతాయి. రోహిణి కార్తెలో ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఒక మధ్యాహ్నం ఉంటే చాలు, బీరు ముసలిదైపోతుంది. అటక మీద, గ్యాస్ స్టవ్ పక్క అల్మరాలో, ఇన్వర్టర్ ఉన్న మూలలో పెట్టకండి.

మన వేసవిలో ఇంటి ఫ్రిజ్ కంటే మంచి చోటు లేదు. కింది అరలో, వెనక్కి, నిలువుగా పెట్టండి. పడుకోబెడితే మడ్డి పక్కకు పేరుకుని, పోసేటప్పుడు మొత్తం కలిసిపోతుంది. తలుపు అరలో వద్దు, తీసినప్పుడల్లా ఊగుతుంది.

ప్రయాణం చేసి వచ్చిన సీసాను వెంటనే తెరవకండి. కనీసం మూడు రోజులు, వీలైతే వారం, కదపకుండా ఉంచండి.

## 3. వాసనల గిన్నెలు సిద్ధం చేసుకోవడం

ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఇంగ్లిష్ నోట్స్‌లో కనబడే పండ్ల పేర్లు చదివి బీరులో వెతికితే ఏమీ దొరకదు. మనకు తెలిసిన వాసనను ముందు ముక్కుకు గుర్తుచేసి, తర్వాత గ్లాసు దగ్గరికి వెళ్తే అదే ఎదురొస్తుంది.

కావలసినవన్నీ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల కిరాణా, డ్రైఫ్రూట్ దుకాణాల్లో దొరుకుతాయి. గుంటూరు వాళ్ళు పట్నం బజారుకు వెళ్ళొచ్చు. కొద్దికొద్దిగా చాలు:

- నల్ల కిస్‌మిస్
- ఖర్జూరం
- ఎండు అంజీర్
- ఆలూబుఖారా
- తాటిబెల్లం
- లవంగాలు, మిరియాలు, సోంపు
- బాగా మగ్గిన అరటిపండు ఒకటి
- బ్రెడ్ పైచెక్కు, దోరగా కాల్చింది

ఎండు పండ్లను విడివిడి గిన్నెల్లో గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నానబెట్టి, చెంచాతో నొక్కి మూత పెట్టండి. పొడిగా ఉంటే వాసన లేవదు. తాటిబెల్లాన్ని ఒక చెంచా వేడినీళ్ళలో కరిగించండి. లవంగం ఒక్కటి నలిపితే చాలు, ఎక్కువైతే మిగతావి మునిగిపోతాయి.

ఇంకొకటి మీరే చేయాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు చెంచాల పంచదార సన్నసెగ మీద కరిగించండి. ముందు తేనె రంగుకు వస్తుంది, అప్పుడు వాసన తీపిగా ఉంటుంది. తర్వాత ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది, తీపిలోకి సన్నటి చేదు దిగుతుంది. ఆ తర్వాత అంచులు నల్లబడి పొగ లేస్తుంది. ఎర్రటి రంగు ముదిరి, పొగ ఇంకా రాని ఆ క్షణంలో దించి, కొంచెం దూరంగా నిలబడి రెండు చెంచాల వేడినీళ్ళు పోయండి. చిమ్ముతుంది, జాగ్రత్త.

ఆ వాసనే డార్క్ ఏల్ వెన్నెముక. ఈ బీరుకు రంగు, ముదురు పండ్ల వాసన చాలావరకు మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, అంటే మాల్ట్‌తో పాటు నల్లగా కాచిన చక్కెర పాకం నుంచి వస్తాయి. దీన్ని క్యాండీ షుగర్ అంటారు, ఎక్కువగా షుగర్ బీట్ దుంప చక్కెరతో చేస్తారు. అరటి, లవంగం వాసనలు మాత్రం ఈస్ట్ పులియబెట్టేటప్పుడు పుట్టేవి. కొందరు తయారీదారులు మసాలాలు వేస్తారు కానీ, లవంగం వాసన రావడానికి లవంగం వేయనవసరం లేదు.

గిన్నెలు ఒక్కొక్కటీ కళ్ళు మూసుకుని రెండేసి సార్లు వాసన చూడండి. ఈ పని సీసా తెరవడానికి గంట ముందే ముగించి, గిన్నెలను వేరే గదిలో పెట్టేయండి.

## 4. గ్లాసు

మూతి కాస్త లోపలికి వంగి, పొట్ట వెడల్పుగా ఉన్న గాజు గ్లాసు కావాలి. వైన్ గ్లాసు చక్కగా పనికొస్తుంది. బ్రాందీ గ్లాసు కూడా. స్టీలు గ్లాసు, కాగితం కప్పు, ఫ్రీజర్‌లో పెట్టిన బీరు మగ్గు పనికిరావు.

మన వంటింట్లో గాజు సామాను మీద నూనె ఆవిరి ఒక పొరలా పట్టి ఉంటుంది. చూపుకు తెలియదు, నురగకు తెలుస్తుంది. పోసిన నిమిషంలోనే నురగ చచ్చిపోయినా, గ్లాసు గోడలకు లోపల బుడగలు అతుక్కుని నిలబడినా బీరును అనుమానించకండి, గ్లాసు జిడ్డుగా ఉంది.

వేడినీళ్ళు, కొద్దిగా డిష్‌వాష్ ద్రవంతో కడిగి, నాలుగైదు సార్లు తొలిచి, చివరిసారి క్యాన్ నీళ్ళు పోయండి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటే ఆ వాసన బీరులోకి వస్తుంది. గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరబెట్టండి.

## 5. గది, నోరు

సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుంటే వాసన మొత్తం ఎగిరిపోతుంది. ఏసీ 26 దగ్గర పెట్టి, గాలి నేరుగా మీ మీదకు రాకుండా తిప్పి, ఫ్యాన్ ఆపేయండి. ఏసీ లేకపోతే వాసన చూసే నిమిషాల్లోనైనా ఫ్యాన్ కట్టేయాలి.

సీసా తెరిచే ముందు ఇవి సరిచూసుకోండి:

- అగరొత్తులు, సాంబ్రాణి, దోమల కాయిల్, రూమ్ ఫ్రెష్‌నర్ లేవు
- మల్లెపూలు, సెంటు, వాసన నూనె దగ్గర్లో లేవు
- వంటింట్లో పోపు వేయడం లేదు
- కిళ్ళీ, కాఫీ, సిగరెట్ మానేసి కనీసం గంటైంది
- జలుబు లేదు
- తెల్లకాగితం, పెన్ను, మామూలు నీళ్ళు, మరమరాలు సిద్ధం

కారం సంగతి విడిగా చెప్పాలి. ఆవకాయ, గోంగూర, గుంటూరు కారం పట్టిన నోటితో 9 శాతం బీరు తాగితే ఆల్కహాల్ మంట, గ్యాస్ చురుకు రెండింతలు అనిపిస్తాయి. ఆ మంటను బీరు మీదకు నెట్టి "ఘాటుగా ఉంది" అని రాస్తాం. మధ్యాహ్నం పప్పన్నం, పెరుగన్నం లాంటి చప్పటి భోజనం చేసి, సాయంత్రం ఆరేడు గంటలకు పరీక్ష పెట్టుకోవడం నా సలహా. ఖాళీ కడుపుతో మాత్రం వద్దు.

## 6. చల్లదనం లెక్క

పోసేటప్పుడు బీరు 10 డిగ్రీల దగ్గర ఉండాలి. ఇంటి ఫ్రిజ్ సాధారణంగా 4, 5 డిగ్రీల్లో ఉంటుంది. ఆ చలికి ముక్కుకు ఏమీ అందదు, నాలుకకు చేదు, గ్యాస్ మాత్రమే తగులుతాయి.

ఏసీ గదిలో 330 ఎం.ఎల్. సీసాను సుమారు 25 నిమిషాలు బయట ఉంచండి. మే నెలలో ఏసీ లేని గదిలో అయితే పావుగంట చాలు. 750 ఎం.ఎల్. సీసాకు ఇంకో పది నిమిషాలు కలుపుకోండి. వంటకు వాడే చిన్న థర్మామీటర్ ఉంటే ఊహలతో పని లేదు, గ్లాసులో పోశాక ఒక్కసారి ముంచి చూడండి.

మరీ చల్లగా వస్తే గ్లాసు పొట్టను అరచేతుల్లో పట్టుకుని ఐదు నిమిషాలు ఆగండి. మరీ వెచ్చబడితే ఐస్ వేయకండి, సీసాను చల్లటి నీళ్ళ గిన్నెలో నిలబెట్టండి.

## 7. తెరవడం, పోయడం

ఈ బీర్లలో గ్యాస్ ఎక్కువ. బిరడా ఉన్న పెద్ద సీసా అయితే తీగ విప్పాక బిరడాను గట్టిగా పట్టుకుని, సీసాను తిప్పుతూ వదులు చేయండి. మూతి ఎవరి ముఖం వైపూ ఉండకూడదు. పక్కన ఒక ఖాళీ జగ్గు పెట్టుకోండి, పొంగితే అందులోకి వంచేయొచ్చు.

గ్లాసును వాలుగా పట్టి గోడ మీదుగా మెల్లగా మొదలుపెట్టండి. సగం అయ్యాక గ్లాసును నిటారుగా చేసి నడిమధ్యలో పోస్తే నురగ కడుతుంది. రెండు వేళ్ళ మందం వచ్చాక ఆపేయండి.

ముగ్గురికి పోసేటప్పుడు సీసాను ఒక్కసారి వంచాక మళ్ళీ నిలబెట్టకండి. గ్లాసులను వరసగా పెట్టుకుని, వంచిన సీసాను అలాగే జరుపుతూ పోయండి. నిలబెట్టిన ప్రతిసారీ మడ్డి లేస్తుంది. అడుగున ఒక సెంటీమీటరు వదిలేయండి. ఆ మడ్డి హానికరం కాదు, అదీ రుచి చూడదగ్గదే, కానీ చివర్లో, విడిగా.

## 8. ముందు వాసన, తర్వాత రంగు

నురగ పగిలేటప్పుడు లేచే తేలికపాటి వాసనలు నిమిషంలో పోతాయి. అందుకే పోయగానే రంగు చూస్తూ కూర్చోకుండా ముక్కు పెట్టండి.

1. గ్లాసును ముక్కుకు జానెడు దూరంలో అటూ ఇటూ ఒకసారి కదపండి. ఏం తగిలిందో రాయండి.
2. మూతి దగ్గర రెండు మూడు సార్లు చిన్నగా ఊపిరి పీల్చండి. రాయండి.
3. గ్లాసు మూతిని అరచేత్తో మూసి, గుండ్రంగా నాలుగుసార్లు తిప్పి, చెయ్యి తీసి ఒక దీర్ఘశ్వాస. రాయండి.

ముక్కు మొద్దుబారినట్టు ఉంటే మీ మోచేతి మడతను వాసన చూడండి. మీ ఒంటి వాసనకు ముక్కు అలవాటుపడి ఉంటుంది కాబట్టి మళ్ళీ తేరుకుంటుంది.

"బాగుంది", "ఘాటుగా ఉంది" అని రాయకండి. ఏ గిన్నె గుర్తొచ్చిందో రాయండి. ముందు పాకమూ బ్రెడ్‌చెక్కూ, తర్వాత ఎండు పండ్లు, ఆ తర్వాత అరటి, లవంగం, మిరియం అనే వరసలో వెతికితే తేలిక. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూల వాసన ఈ రకంలో లీలగా ఉంటుంది, లేకపోయినా తప్పు కాదు.

ఇప్పుడు రంగు. గ్లాసు వెనక తెల్లకాగితం పట్టి, ఫోన్ టార్చ్ వేయండి. డుబెల్ ముదురు రాగి రంగులో ఎర్రటి మెరుపుతో ఉంటుంది. డార్క్ స్ట్రాంగ్ ఇంకాస్త గోధుమకు తిరుగుతుంది. డార్క్ అన్నారు కదా అని నలుపు ఆశించకండి. నల్లగా, మాడిన కాఫీ వాసనతో ఉంటే అది స్టౌట్ అనే నల్ల బీరు దారి పట్టింది. నురగ లేత గోధుమ రంగులో, చిన్న బుడగలతో, చిక్కగా నిలవాలి.

## 9. నోట్లో

మొదటి గుక్కకు మార్కులు వేయకండి. అది నోటిని అలవాటు చేయడానికే.

రెండో గుక్కను నాలుక అంతా తడిసేలా తిప్పి, మింగి, నోరు మూసుకునే ముక్కుతో గాలి వదలండి. అసలు రుచి ఆ గాలిలో తెలుస్తుంది. వైన్ పరీక్షలోలా ఉమ్మేయడం బీరుకు అలవాటు లేదు. చేదు గొంతు దాటాక కూడా తెలుస్తుంది, మింగితే దాన్ని మెరుగ్గా కొలవగలం.

వరసగా చూడండి: ముందు తీపి ఎంత, మధ్యలో పండ్లు, మసాలా ఎంత, చివర్లో చేదు ఎంత, మింగాక నోరు ఎలా ఉంది.

ఈ చివరి ప్రశ్న దగ్గరే మంచి డార్క్ ఏల్ తేలిపోతుంది. వాసన పాకంలా తియ్యగా ఉన్నా, మింగాక నోరు పొడిగా, తేలిగ్గా మిగలాలి. కారణం ఆ చక్కెరే. ఈస్ట్ దాన్ని దాదాపు పూర్తిగా తినేస్తుంది కాబట్టి ఆల్కహాల్ పెరుగుతుంది కానీ చిక్కదనం పెరగదు. పెదాలు అంటుకునేంత జిగురుగా, జీళ్ళ పాకంలా మిగిలితే మార్కులు తగ్గించండి. ఆల్కహాల్ ఛాతీలో వెచ్చగా తెలియాలి. బ్రాందీలా గొంతు మండితే అదీ లోపమే.

గ్యాస్ చురుకు, నాలుక మీద బరువు, వగరు ఉందా లేదా అన్నవి ఒక్కో ముక్కలో రాసుకోండి.

## 10. వేడెక్కాక మళ్ళీ రెండుసార్లు

గ్లాసులో మూడో వంతు మిగిల్చి పక్కన పెట్టండి. 12, 13 డిగ్రీలకు వచ్చినప్పుడు ఒకసారి, 16 దగ్గర ఇంకోసారి పైన చెప్పిన 8, 9 మెట్లు మళ్ళీ చేయండి. మామూలు గదిలో దీనికి అరగంట పట్టదు.

నోట్స్ ఈ తీరులో ఉంటే చాలు: "10 దగ్గర: లవంగం ముందు, కిస్‌మిస్ లీలగా, గ్యాస్ చురుకు బాగా. 13 దగ్గర: లవంగం వెనక్కి వెళ్ళింది, తాటిబెల్లం, అంజీర్ బయటికొచ్చాయి. 16 దగ్గర: ఆల్కహాల్ వాసన తెలుస్తోంది, అయినా మంట లేదు, చివర పొడిగానే ఉంది."

వేడెక్కే కొద్దీ కొత్త వాసనలు విప్పుకుంటే గొప్ప సీసా. వేడెక్కగానే ఉట్టి తీపి, ఆల్కహాల్ మిగిలితే సాధారణమైనది. ఎంత చల్లగా ఉంటే అంత బాగున్నట్టు తోస్తే, చలి దాని లోపాలను దాచిపెట్టిందన్నమాట.

## 11. మార్కులు

బీరు పోటీల్లో జడ్జీలు వాడే బీజేసీపీ (బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్) పట్టిక 50 మార్కులది. ఇంట్లోనూ అదే వాడండి:

- వాసన: 12
- రూపం: 3
- రుచి: 20
- నోటికి తగిలే తీరు: 5
- మొత్తం మీద: 10

45, ఆపైన వస్తే అసాధారణం, 38 నుంచి 44 అద్భుతం, 30 నుంచి 37 చాలా బాగుంది, 21 నుంచి 29 బాగుంది. 14కు దిగువన ఉంటే ఏదో పెద్ద లోపం ఉన్నట్టే.

రూపానికి మూడే మార్కులు ఎందుకో ఆలోచిస్తే, రంగు చూసి ముచ్చటపడి ఎక్కువ వేసే అలవాటు తగ్గుతుంది. ఆ రకానికి ఎంత సరిపోయింది అన్నదానికే మార్కులు. మీకు తీపి ఇష్టమన్న కారణంగా జిగురు బీరుకు 40 వేయకూడదు. మీ ఇష్టాన్ని కింద విడిగా ఒక వాక్యంలో రాసుకోండి.

## 12. సీసా తేడా కొడితే

తడిసిన అట్టపెట్టె వాసన: గాలి తగిలి పాతబడింది. వేడిలో నిలవుంటే త్వరగా వస్తుంది. బాగుచేయలేం, మిగతా సీసాలను ఫ్రిజ్‌లోకి మార్చండి. చాలా ఏళ్ళు నిలవ ఉంచిన సీసాలో కొద్దిగా షెర్రీ వైన్ వాసన తగిలితే మాత్రం తప్పు పట్టకండి.

గంధకం కలిసిన దుర్వాసన: వెలుతురు తగిలింది. ఆకుపచ్చ, తెల్ల సీసాలకు ఎక్కువ, గోధుమరంగు సీసాలకు తక్కువ. దుకాణంలో ట్యూబ్‌లైట్ కింద ముందు వరసలో ఉన్నదాన్ని వదిలి వెనక వరస సీసా అడగండి.

నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన: ఎక్కువ వేడిలో పులియబెట్టారు. తయారీ లోపం.

వెన్న, పాప్‌కార్న్ వాసన: ఈస్ట్ పని పూర్తికాకముందే సీసాకెత్తారు, లేదా సూక్ష్మజీవులు చేరాయి.

వెనిగర్ పులుపు: సీసాలో సూక్ష్మజీవులు చేరాయి. తెరవగానే విపరీతంగా పొంగడం కూడా దీని గుర్తే కావచ్చు. అయితే వెచ్చటి సీసా, ఊగిన సీసా కూడా పొంగుతాయి కాబట్టి రుచి చూసి తేల్చుకోండి.

డెట్టాల్ లాంటి మందుల వాసన: ముందు గ్లాసును అనుమానించండి. క్యాన్ నీళ్ళతో కడిగిన ఇంకో గ్లాసులో పోసి చూడండి. అప్పటికీ ఉంటే లోపం బీరుదే.

సోయా సాస్ వాసన: మడ్డిలోని ఈస్ట్ చనిపోయి కరిగింది. పాత సీసాల్లో వస్తుంది. మడ్డి కలవకుండా పోస్తే కొంత తగ్గుతుంది.

## 13. ముగ్గురు నలుగురు కలిసి పరీక్షిస్తే

ఒక సాయంత్రం రెండు రకాలకు మించి పెట్టుకోకండి. డుబెల్ ముందు, డార్క్ స్ట్రాంగ్ తర్వాత. మధ్యలో నీళ్ళు, మరమరాలు, పది నిమిషాల విరామం. బెల్లం పూతరేకులు తెచ్చుకుంటే మార్కులు వేశాకే విప్పండి. ఈ బీరుతో బాగా కలుస్తాయి, కానీ ముందు తింటే నాలుకకు తీపి లెక్క తప్పుతుంది.

పెద్ద పేరున్న సీసాను చూడగానే ముందే నాలుగు మార్కులు పడిపోతాయి. పరీక్షలో కూర్చోని ఒకరు వంటింట్లో పోసి, గ్లాసుల కింద అంకెల చీటీలు పెట్టి తీసుకురావాలి. ఒకే బీరును రెండు గ్లాసుల్లో, వేరేదాన్ని ఒక గ్లాసులో పోసి, తేడాది ఏదో చెప్పమంటే మీ ముక్కు ఎంత నమ్మదగ్గదో తెలిసిపోతుంది. ఒక్కో గ్లాసులో 50 ఎం.ఎల్. చాలు.

రాస్తున్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదు. ఒకరు "అరటి" అన్నారంటే మిగతా వాళ్ళందరికీ అరటే వస్తుంది. కాగితాలు తిరగేసి పెట్టాక చర్చ, అందరి మార్కులూ కూడాక చీటీలు విప్పడం.